నేలకు దిగిన గంటలు

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆ రెండు పనుల్లో ఉన్నంత కష్టం మరి దేనిలోనూ ఉండదు. ఉత్తర జర్మనీలో ల్యూబెక్ అనే ఊళ్ళో ఒక చర్చి ఉంది. దాని కథ వింటే ఈ సామెత ఆ ఊరివాళ్ళక్కూడా బాగా తెలుసేమో అనిపిస్తుంది. ఎందుకంటే అందులో వందేళ్ళపాటు సాగిన కట్టుబడి ఉంది. ఎంతకీ కుదరక తండ్రిని కుంగదీసిన ఒక పిల్ల పెళ్ళి కూడా ఉంది. అంతే కాదు, కాలిపోయిన ఇంటిని మళ్ళీ నిలబెట్టుకోవడం ఎలాగో, ఏది బాగు చేసుకోవాలో, ఏది అలాగే వదిలేయాలో కూడా ఉంది.

మా తమ్ముడు ఉద్యోగరీత్యా హాంబర్గులో ఉంటాడు. అక్కణ్ణించి రైల్లో ముప్పావు గంట ప్రయాణం. "ఒక్కరోజు నాతో రండి వదినా, మీరు కథలు రాస్తారు కదా, అక్కడ బోలెడు కథలున్నాయి" అంది మరదలు. నిజమే. ఒక్క గుడిలో అన్ని కథలు ఇమిడి ఉండటం నేనెక్కడా చూడలేదు.

వర్తకులు కట్టిన గుడి

ల్యూబెక్ పాత ఊరు చుట్టూ నీళ్ళున్న ఒక చిన్న లంక. ఆ లంకలో ఎత్తయిన చోట, బజారు పక్కన, నగర సభాభవనాన్ని ఆనుకుని ఉంటుంది సెయింట్ మేరీస్ చర్చి. జర్మన్ భాషలో మారియెన్‌కిర్షె. అంటే మరియమ్మ గుడి. ఇది బిషప్పు గారి పెద్ద గుడి కాదు. అది వేరే ఉంది, ఊరికి ఇంకో కొసన. దాన్ని 1173లో ఒక ప్రభువు స్థాపించాడు. ఈ మరియమ్మ గుడి మాత్రం ఊరి జనానిది. మన క్రైస్తవ సోదరీమణులు 'విచారణ గుడి' అంటారే, ఆ రకం.

ఊరి జనమంటే ఇక్కడ వర్తకులు. ఆ రోజుల్లో బాల్టిక్ సముద్రం చుట్టుపక్కల ఊళ్ళ వర్తకులంతా కలిసి 'హాన్సా' అని ఒక కూటమి కట్టారు. దానికి తలకాయలాంటిది ల్యూబెక్. ఉప్పు, ఉప్పుచేపలు, తేనెమైనం, జంతువుల ఉన్ని తోళ్ళు ఈ రేవు మీదుగా వెళ్ళేవి. డబ్బు చేరింది. డబ్బుతోపాటు పంతమూ వచ్చింది. బిషప్పు గారి గుడి కంటే మన గుడి పెద్దదిగా ఉండాలి, మన సభాభవనం పక్కనే ఉండాలి, ఓడ ఎక్కడినుంచి వచ్చినా ముందు మన గోపురాలే కనబడాలి అనుకున్నారు.

పదమూడో శతాబ్దం మధ్యలో పని మొదలుపెట్టారు. ముందు ఒక ప్లాను అనుకున్నారు. సగంలో ఉండగా ఫ్రాన్సులో కడుతున్న ఎత్తైన గుళ్ళ సంగతి తెలిసి ప్లాను మార్చేశారు. ఎదురింటివాళ్ళ మేడ చూసి మన ఇంటికి ఇంకో అంతస్తు వేయడం మనకే కాదు, వాళ్ళకీ ఉందన్నమాట! అలా పని 1351 దాకా సాగింది. మొదలుపెట్టినవాళ్ళ మనవలు కూడా పూర్తవడం చూసి ఉండరు.

అసలు చిక్కు ఏమిటంటే ఫ్రాన్సులో గుళ్ళకు రాయి దొరికింది. ల్యూబెక్ చుట్టూ కొండల్లేవు, చెక్కడానికి రాయి లేదు. ఉన్నది బంకమట్టి. సరే, మట్టినే కాల్చి ఇటుకలు చేశారు. రాతితో చేసే పనంతా ఇటుకతో చేసి చూపించారు. లోపలికి వెళ్ళి తలెత్తి చూడండి. నడిమి కమాను కప్పు 38.5 మీటర్ల ఎత్తు. పన్నెండంతస్తుల మేడ లోపల అంతస్తులన్నీ తీసేసినట్టుంటుంది. ప్రపంచంలో ఇటుకతో కట్టిన కమాను కప్పుల్లో ఇంతకంటే ఎత్తైనది లేదు. అంత బరువుకు గోడలు బయటికి విచ్చుకోకుండా, బయటినుంచి చేతులు చాచి పట్టుకున్నట్టుగా ఇటుక ఊతలు కట్టారు. జంట గోపురాలు దాదాపు 125 మీటర్లు. మన చార్మినార్‌కు రెట్టింపు కంటే ఎక్కువ.

ఆ తరవాత బాల్టిక్ తీరంలో సుమారు డెబ్బై గుళ్ళు దీన్ని చూసి కట్టుకున్నారట. రాయి లేదని కూర్చోకుండా ఉన్న మట్టితోనే చేసుకున్నవాళ్ళను చూసి, 'ఇంట్లో ఏమీ లేదు' అంటూనే నాలుగు కూరలు చేసి పెట్టే మన అమ్మలు గుర్తొచ్చారు నాకు.

సైతాను రాయి, గోడమీద ఎలుక

ఇంత పెద్ద గుడికి ఒక పుక్కిటి పురాణమైనా లేకపోతే ఎలా? గోడలు లేస్తుంటే సైతాను వచ్చి 'ఏం కడుతున్నారు?' అని అడిగాడట. నిజం చెబితే పడగొడతాడని భయపడి 'సారా దుకాణం' అన్నారట. వాడు సంబరపడిపోయి తనే ఇటుకలు మోశాడట. అందుకే పని అంత త్వరగా తెమిలిందట. (వందేళ్ళు త్వరగానా అని అడగకండి!) చివరికి అది గుడి అని తెలిసి మండిపడి పెద్ద బండరాయి ఎత్తాడు. అప్పుడు ఒక కుర్రాడు 'ఆగు, నీకోసం పక్కనే దుకాణం కూడా కడతాం' అన్నాడట. సైతాను రాయి వదిలేశాడు. సభాభవనం కింద ద్రాక్షసారా నేలమాళిగ వెలిసింది. గుడి గోడపక్కన ఇప్పటికీ ఆ బండ ఉంది. దానిమీద కంచుతో చేసిన చిన్న సైతాను 1999 నుంచి కూర్చుని నవ్వుతున్నాడు. పిల్లలు వాడి కొమ్ములు పట్టుకుని ఫొటోలు దిగుతుంటారు.

లోపల ఇంకో చిన్న ప్రాణి ఉంది. బలిపీఠం వెనక తిరిగే దారిలో రాతి ఫలకాల మీద క్రీస్తు కడపటి రోజుల కథ చెక్కారు. హైన్రిష్ బ్రాబెండర్ అనే శిల్పి 1515 ప్రాంతంలో చేసిన పని. కడరా భోజనం ఫలకం అడుగున, మూలగా, ఒక బుల్లి ఎలుక గులాబి చెట్టు వేళ్ళు కొరుకుతూ ఉంటుంది. గుడి గోడపక్క గులాబి పూస్తున్నంతకాలం ఊరు స్వతంత్రంగా ఉంటుందని పూర్వం అనుకునేవారట. ఒకరోజు గులాబి వాడింది. చూస్తే వేరు కింద ఎలుక గూడు. ఆ తరవాతే డేన్‌లు ఊరిని పట్టుకున్నారని కథ. ఎంత పెద్ద ఊరినైనా కూలదొయ్యడానికి ఒక్క ఎలుక చాలునని కాబోలు. అయితే ఇప్పుడు ఆ ఎలుకను తాకితే అదృష్టమంటారు. చేతులు తగిలి తగిలి దాని వీపు నల్లగా నున్నగా మెరుస్తోంది. మా మరదలు తాకింది. నేనూ తాకాను. పోయేదేముంది?

కంచుపని, కొయ్యపని

ఈ గుడిలో నగలపెట్టె సర్దినట్టు ఎన్నో పనితనాలున్నాయి. బిడ్డలకు బాప్తిస్మమిచ్చే కంచుతొట్టి 1337 నాటిది. పోసినవాడు హాన్స్ ఆపెన్‌గీటర్. దాదాపు ఏడువందల ఏళ్ళుగా ఆ ఊరి పసివాళ్ళ ఏడుపు వింటున్న తొట్టి అది. దానికి దగ్గర్లోనే, పవిత్ర రొట్టెను భద్రపరిచేందుకు 1479లో ముగించిన కంచు మందసం ఉంది. ఎత్తు తొమ్మిదిన్నర మీటర్లు. వెయ్యి దాకా ముక్కలు విడివిడిగా పోతపోసి కూర్చారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఒక పక్క గదిలోని కొయ్య పీఠం. 1518లో ఆంట్వెర్ప్ పట్టణంలో చేసినది. దాని నిండా మరియమ్మ జీవితమే. ఆమె పుట్టుక, ఆమె పెళ్ళి, ఆమె కడచూపు, అన్నీ బొమ్మల కొలువులాగా తీర్చి ఉన్నాయి. గుడి నిండా వర్తకుల పేర్లు, సభ్యుల పేర్లు, బిషప్పుల పేర్లు. ఈ ఒక్కచోట ఒక ఆడమనిషి బతుకు మొదటినుంచి చివరిదాకా కనబడుతుంది. ల్యూబెక్ 1531లో లూథర్ మతంలోకి మారింది. మన గుంటూరు వైపు లూథరన్ చర్చిలు చూసినవారికి ఆ సంప్రదాయం తెలిసే ఉంటుంది. మతం మారినా గుడికి మరియమ్మ పేరు మారలేదు. ఈ పీఠాన్నీ తీసెయ్యలేదు.

మృత్యువుతో నాట్యం

ఇప్పుడు లేని ఒక బొమ్మ గురించి కూడా చెప్పాలి. ప్లేగు ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టే కాలంలో, 1463 ప్రాంతంలో, బెర్న్ట్ నోట్కె అనే చిత్రకారుడు ఒక చిన్న గది నాలుగు గోడల చుట్టూ సుమారు 30 మీటర్ల పొడవున ఒక బొమ్మ వేశాడు. అందులో ఎముకల గూడు లాంటి మృత్యువు అందరి చేతులూ పట్టుకుని నాట్యమాడుతుంది. పోపు, చక్రవర్తి, మహారాణి, రాజు, వైద్యుడు, వర్తకుడు, పల్లెటూరి రైతు, పెళ్ళికాని పిల్ల ఒకరి వెంట ఒకరు. చివర ఉయ్యాలలో పసిబిడ్డ. వెనకాల కనబడేది ఏ స్వర్గమో నరకమో కాదు, ల్యూబెక్ ఊరే. ఎవరి ఇంటి కప్పు ఎవరిదో గుర్తుపట్టేంతగా.

తీసుకుపోయేవాడికి పెద్దా చిన్నా, గొప్పా బీదా లేదని ఊరందరికీ తెలిసిన మాటే. కాని ప్రార్థనకు వచ్చిన మహారాజులు గోడమీద తమ పక్కనే రైతునీ, ఉయ్యాలనీ చూడవలసి రావడంలో ఉంది చిత్రకారుడి ధైర్యం. బట్ట జీర్ణించిపోతే 1701లో దానికి నకలు వేయించి పెట్టారు. ఆ నకలు కూడా 1942లో కాలిపోయింది. ఇప్పుడా గదిలో ఆల్‌ఫ్రెడ్ మాలౌ 1950లలో చేసిన రంగుటద్దాల కిటికీలున్నాయి. వాటిలో ఆ పాత నాట్యం ఆకారాలు మంటల మధ్యనుంచి పైకి లేస్తుంటాయి. అడుగున ఉయ్యాల బిడ్డ మళ్ళీ ఉన్నాడు.

ఉద్యోగం కావాలా? పిల్లను చేసుకో!

ఇక పెళ్ళి కథ. ఈ గుడి ఆర్గాన్ వాద్యానికి ప్రసిద్ధి. ఆర్గాన్ వాయించే పదవంటే సామాన్యమైనది కాదు. జీతం, ఇల్లు, ఊళ్ళో మర్యాద అన్నీ ఉండేవి. గుడి లెక్కలు చూసే పని కూడా దానితోనే వచ్చేది. 1641 నుంచి ఫ్రాంజ్ టుండర్ అనే ఆయన ఆ పదవిలో ఉండి 1667లో పోయాడు. మరుసటేడు ఆ చోటుకు వచ్చినవాడు డీట్రిష్ బుక్స్‌టెహూడె. గొప్ప సంగీతకారుడు. పదవిలో చేరిన కొద్ది నెలలకే టుండర్ కూతురు అన్నా మార్గరెతెను పెళ్ళాడాడు. అప్పట్లో అదొక ఆచారం. పింఛన్లు లేని రోజులు. ఇంటి యజమాని పోతే ఇల్లు ఖాళీ చెయ్యాలి. భార్య, ఆడపిల్లలు వీధిన పడకూడదంటే, వచ్చే కొత్తవాడు ఆ ఇంటి పిల్లను చేసుకోవాలి. ఇల్లరికం లాంటిదే. కాకపోతే ఇక్కడ అల్లుడికి మామగారి ఆస్తి కాకుండా మామగారి కుర్చీ దొరుకుతుంది.

బుక్స్‌టెహూడె క్రిస్మసుకు ముందు ఆదివారాల సాయంత్రాలు గుడిలో కచేరీలు పెట్టేవాడు. ఖర్చు వర్తకులు పెట్టుకునేవారు. వాటి పేరు ఎంత దూరం పాకిందంటే, యువకులు ఊళ్ళు దాటి వినడానికి వచ్చేవారు. ఆయనకు వయసు మీద పడింది. తన తరవాత ఎవరు? తన పెద్దకూతురు అన్నా మార్గరెతా సంగతేమిటి?

1703 ఆగస్టులో ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఒకడు మాట్టెజోన్, ఇరవై రెండు నిండలేదు. ఇంకొకడు పద్దెనిమిదేళ్ళ హాండెల్. అవును, తరవాత లండనులో ప్రపంచమంతా మెచ్చుకున్న హాండెలే. వాద్యం చూశారు, వాయించారు, విందులు ఆరగించారు. పదవితోపాటు పెళ్ళి షరతు కూడా ఉందని తెలిసింది. ఇద్దరికీ ఆ ఉద్దేశం రవంత కూడా లేదని తరవాతెప్పుడో మాట్టెజోనే రాసుకున్నాడు. వచ్చిన దారినే హాంబర్గు వెళ్ళిపోయారు. అప్పటికి ఆ అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్ళు.

రెండేళ్ళ తరవాత, 1705 చలికాలం ముందు, ఇరవై ఏళ్ళ యోహాన్ సెబాస్టియన్ బాఖ్ వచ్చాడు. ఎలా వచ్చాడు? కాలినడకన. దాదాపు 400 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాదు నుంచి రాజమండ్రి దాకా నడవడమన్నమాట. తన ఊళ్ళో నాలుగు వారాలు సెలవు పెట్టి వచ్చినవాడు నాలుగు నెలలకు గాని తిరిగి వెళ్ళలేదు. వెళ్ళాక అక్కడి పెద్దలు గట్టిగా చీవాట్లు పెట్టారు. ఇక్కడ విన్న సంగీతం ఆయన్ని ఎంతగా పట్టుకుందో దీన్నిబట్టే తెలుస్తుంది. బాఖ్ కూడా పదవి తీసుకోలేదు.

చివరికి షీఫర్‌డెకర్ అనే ఆయన ఒప్పుకున్నాడు. బుక్స్‌టెహూడె 1707 మేలో కన్నుమూశాడు. సెప్టెంబరులో కూతురి పెళ్ళయింది. తండ్రి చూడలేదు.

ఈ కథను సంగీతం పుస్తకాల్లో, సభల్లో ఒక హాస్యంలా చెబుతారు. పాపం, ఆ పిల్ల అందవికారి అయ్యుంటుంది, అందుకే హాండెల్, బాఖ్ పరుగుతీశారు అని నవ్వుతారు. ఆమె ఎలా ఉండేదో ఒక్కరూ రాసిపెట్టలేదు. రాసింది ఒకటే, ఆమె వద్దన్నవాళ్ళ పేర్లు. పద్దెనిమిదేళ్ళవాడికి ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లను చూపిస్తే ఆ కుర్రాడు బెదరడంలో వింతేముంది? అందులో ఆమె తప్పేముంది? మూడుసార్లు పెళ్ళిచూపుల్లో కూర్చుని, కాఫీ కప్పులు కడుక్కుంటూ 'ఉత్తరం రాస్తామన్నారు' అని తల్లి అనడం విన్న ప్రతి ఆడపిల్లకూ అన్నా మార్గరెతా బాగా తెలిసిన మనిషే. ఆమెకు ఎవరు నచ్చారో, ఎవరు నచ్చలేదో ఎవరూ అడిగినట్టు లేదు. మూడువందల ఏళ్ళయినా ఆమె మీద నవ్వడం మాత్రం ఆపలేదు.

మట్టల ఆదివారం రాత్రి

1942 మార్చి 28. తెల్లవారితే మట్టల ఆదివారం. ఆ రాత్రి 234 బ్రిటిష్ విమానాలు ల్యూబెక్ మీదికి వచ్చాయి. ఇరుకు సందులు, కొయ్య దూలాల ఇళ్ళు. నిప్పుబాంబులకు ఊరు ఎండుగడ్డిలా అంటుకుంది. 300 మందికి పైగా చనిపోయారు. బిషప్పు గారి గుడి, మరియమ్మ గుడి, ఇంకో పాత గుడి మంటల్లో చిక్కుకున్నాయి.

జంట గోపురాలు పెద్ద పొగగొట్టాల్లా పనిచేశాయి. కింది నుంచి లేచిన వేడిగాలికి గంటలు వాటంతటవే ఊగి మోగాయట. ఎవరూ తాడు లాగకుండా, చివరిసారి. తరవాత వాటిని మోస్తున్న దూలాలు కాలి ఒక్కొక్కటే పడిపోయాయి. అందరికంటే పెద్దది 1668లో ఆల్బర్ట్ బెనింగ్ పోతపోసిన గంట, 7,134 కిలోలు. పెద్ద ఏనుగు కంటే బరువు. అన్నిటికంటే పాతది ఆదివారపు గంట. అదీ దాని పక్కనే పడింది. నేల రాళ్ళు కుంగిపోయాయి, కంచు పగిలి కరిగింది. నోట్కె బొమ్మ నకలు, బుక్స్‌టెహూడె ఆర్గాను, 1566 నాటి ఖగోళ గడియారం, అన్నీ ఒక్క రాత్రిలో పోయాయి.

దీనికి ముందు 1940 నవంబరులో జర్మన్ విమానాలు ఇంగ్లండులో కోవెంట్రీ ఊరిని, దాని పెద్ద గుడిని తగలబెట్టాయి. ల్యూబెక్ ఊరిబిడ్డే అయిన రచయిత థామస్ మాన్ అప్పటికి అమెరికాలో ప్రవాసంలో ఉన్నాడు. ఆయన నోబెల్ బహుమతికి కారణమైన నవలలోని ఇల్లు ఈ గుడి ఎదురుగానే ఉంది. తన ఊరు కాలిన వార్త విని రేడియోలో మాట్లాడుతూ, కోవెంట్రీని మరిచిపోలేనని, చేసినదానికి మూల్యం చెల్లించక తప్పదని చెప్పాడు. పుట్టిల్లు కాలుతుంటే అంతమాట అనడానికి ఎంత గుండె కావాలి!

యుద్ధం అయిపోయాక 1947 నుంచి 1959 దాకా గుడిని తిరిగి కట్టారు. దక్షిణ గోపురం అడుగున మాత్రం ఆ రెండు గంటలను ముట్టుకోలేదు. పడినచోటే, పగిలినట్టే, పగిలిన రాళ్ళమీదే ఉన్నాయి. ముందు ఒక కటకటాల తలుపు. గోడమీద కోవెంట్రీ నుంచి వచ్చిన మేకుల సిలువ. కాలిన ఆ గుడి దూలాల మేకుల గుర్తుగా చేసిన సిలువ అది. కొట్టినవాడూ, కొట్టించుకున్నవాడూ ఒకచోట నిలబడి 'ఇక చాలు' అనుకున్నట్టుంటుంది.

"అతికించొచ్చు కదా వదినా, వీళ్ళకు తెలియని పనా?" అంది మరదలు మెల్లగా. తెలియక కాదు. ఆ పక్క కథ వింటే అతికించకపోవడమే ఎందుకు మంచిదో తెలుస్తుంది.

దొంగ బొమ్మలు

మంటల వేడికి గోడలమీది సున్నం పొరలు ఊడిపడి, వాటి కింద మధ్యయుగాల నాటి రంగుల బొమ్మలు బయటపడ్డాయి. కాలిపోయిన ఇంట్లో పాతర దొరికినట్టయింది. వాటిని బాగుచేసే పని డీట్రిష్ ఫై అనే గుత్తేదారుకు ఇచ్చారు. ఆయన కింద పనిచేసినవాడు లోథార్ మాల్‌స్కాట్. పరంజాలు కట్టి, ఎవర్నీ పైకి రానివ్వకుండా పనిచేశారు. 1951లో గుడికి 700 ఏళ్ళ పండగ. దేశప్రధాని ఆడెనావర్ వచ్చారు. ప్రత్యేకంగా తపాలా బిళ్ళలు వేశారు. పండితులు బొమ్మల్ని పొగుడుతూ వ్యాసాలు రాశారు. పేరంతా ఫైకి పోయింది. మాల్‌స్కాట్‌ను పలకరించినవాడు లేడు.

మరుసటేడు మాల్‌స్కాట్ బయటికొచ్చి చెప్పాడు. బలిపీఠం వైపు గోడలమీద పైన ఉన్న నిలువెత్తు బొమ్మలు పాతవి కానేకావు, తనే కొత్తగా వేశాడు. అక్కడ మిగిలినదేమీ లేకపోతే సున్నం వేసి తన చేత్తో గీశాడు. మొహాలకు తనకు తెలిసినవాళ్ళ పోలికలు, సినిమాతారల పోలికలు పెట్టాడు. ముందు ఎవరూ నమ్మలేదు. అంత పెద్ద పండితులు పొరబడతారా అన్నారు. చివరికి తనమీద తనే కేసు పెట్టించుకుని రుజువులు చూపించాడు! 1955లో ఇద్దరికీ జైలుశిక్ష పడింది. దొంగ బొమ్మలు కడిగేశారు.

ఇందులో ఎవరి తప్పు ఎంత అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. నాకు మటుకు ఒకటి అనిపించింది. అన్నీ పోగొట్టుకున్న ఊరు అది. ఏదో ఒకటి మిగిలిందని ఎవరైనా చెబితే బాగుండునని జనం ఎదురుచూస్తున్నారు. అలా ఎదురుచూసేవాళ్ళను మోసం చెయ్యడం చాలా తేలిక. నగ అమ్ముకున్నవాళ్ళకు గిల్టునగ అంటగట్టడం లాంటిదే ఇదీ.

ఒక గడియారం, ఒక మనిషి

దీనికి ఎదురుగా ఇంకో మనిషి ఉన్నాడు. పౌల్ బేరెన్స్, ఊళ్ళో గడియారాలు చేసుకునేవాడు. కాలిపోయిన ఖగోళ గడియారం స్థానంలో కొత్తది చేస్తానని పూనుకున్నాడు. చందాలు తనే పోగుచేశాడు. భాగాలన్నీ తనే చేశాడు. 1960లో మొదలుపెడితే 1967లో పూర్తయింది. బతికున్నంతకాలం దాన్ని తనే చూసుకున్నాడు. గ్రహాల నడక, గ్రహణాలు, ఈస్టరు తేదీ అన్నీ అది చూపిస్తుంది. పాత గడియారంలో మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే చక్రవర్తిని ఎన్నుకునే ప్రభువుల బొమ్మలు క్రీస్తు ముందునుంచి వరసగా నడిచేవి. బేరెన్స్ ప్రభువుల్ని మాన్పించి, వేర్వేరు జాతుల మనుషుల బొమ్మలు పెట్టాడు. పన్నెండుకు అక్కడ నిలబడితే మనమూ చూడొచ్చు.

మాల్‌స్కాట్ కొత్తదాన్ని పాతదన్నాడు. బేరెన్స్ కొత్తదాన్ని కొత్తదనే చెప్పాడు. ఇద్దరూ చేతిపని బాగా తెలిసినవాళ్ళే. తేడా అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

బతికిన గంట

పాత గంటల్లో ఒక్కటి బతికింది. 1650లో ఆంటన్ వీజె పోతపోసినది. నగరసభ కూర్చునే ముందు ప్రార్థనకూ, పసిపిల్లల బాప్తిస్మానికీ మోగేది. అందుకే దానికి 'సభ గంట, పిల్లల గంట' అని పేరు. 1906లో దాన్ని ఊరిచివర స్ట్రెక్‌నిట్జ్‌లోని మానసిక రోగుల ఆసుపత్రికి ఇచ్చేశారు. అలా ఇల్లు విడిచి వెళ్ళడం వల్లే మంటలు దాన్ని అంటలేదు. ఇంతవరకూ సంతోషం. కాని అదే ఆసుపత్రి నుంచి 1941 సెప్టెంబరులో నాజీ ప్రభుత్వం 600 మందికి పైగా రోగుల్ని బస్సుల్లో, రైళ్ళలో తరలించింది. వాళ్ళలో ఎక్కువమంది తిరిగి రాలేదు. 'పనికిరాని బతుకులు' అన్నారు వాళ్ళను. పసిబిడ్డ ఈ లోకంలోకి వచ్చాడని చాటిన గంట కిందనుంచే ఆ మనుషులు వెళ్ళిపోయారు. గంట బతికింది, మనుషులు బతకలేదు. ఈ సంగతి తెలిశాక ఊరు కాలిన కథ ఒక్కటే చెప్పి ఊరుకోవడం సబబు కాదనిపించింది.

గోపురానికి గంటలు కావాలి కదా. నాజీలు ఊరూరా గంటలు దింపించి ఫిరంగుల కోసం కరిగించారు. కరిగించగా మిగిలినవి హాంబర్గు రేవులో గుట్టలుగా పడి ఉన్నాయి. దాన్ని 'గంటల శ్మశానం' అనేవారు. అందులో డాన్‌జిగ్ పట్టణపు గంటలూ ఉన్నాయి. యుద్ధం తరవాత ఆ ఊరు పోలండుకు చెంది, జర్మన్ జనం తరలిపోయారు. దిక్కులేని ఆ గంటల్లో మూడింటిని తాత్కాలికంగా ఇక్కడ వేలాడదీశారు. ఇల్లు పోయినవాళ్ళు గంటలు పోయినవాళ్ళ ఇంట్లో తలదాచుకున్నట్టయింది. 1985లో వాటికి తోడుగా నాలుగు కొత్త గంటలు పోతపోయించారు. వాటిమీద రాసుకున్నది శాంతి గురించి, మళ్ళీ కలిసిపోవడం గురించి.

మన గుళ్ళో గంట మనం కొడతాం. వచ్చానని దేవుడికి చెప్పుకుంటాం. అక్కడ గోపురంలో గంటే నిలువునా ఊగుతుంది, ఊరందరికీ చెబుతుంది. పెళ్ళని, చావని, ఆదివారమని. కింద పగిలిపోయిన రెండు గంటలకు ఆ పని లేదు. పైన గంటలు మోగుతుంటే ఆ కంపం నేలదాకా వస్తుంది. పిల్లల్ని వెంటబెట్టుకున్న తల్లులు అప్పుడు ఆ కటకటాల దగ్గర ఆగుతారు. పిల్లలు 'ఎందుకు పగిలింది? ఎవరు పడేశారు?' అని అడుగుతారు. తల్లులు కూర్చుని చెబుతారు. ఆ ప్రశ్న అడిగించడానికే వాటిని అక్కడ ఉంచారు. అతికించి మెరుగు పెట్టి పైకెక్కించి ఉంటే, ఏ బిడ్డా అడిగేవాడు కాదు.